లైటు పోయిందా, డ్రైవర్ పోయిందా? హోల్డర్ లేని ఎల్ఈడీలతో జేబుకు చిల్లు

కరీంనగర్/ఆదిలాబాద్: ఇంట్లో ఫాల్స్ సీలింగ్ చేయించి నాలుగేళ్లు. హాల్లో పన్నెండు ప్యానెల్ లైట్లు. ఒక రాత్రి అందులో ఒకటి మిణుకు మిణుకుమని ఆగిపోతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి దింపి చూసి, "ఈ మోడల్ ఇప్పుడు వస్తలేదు" అంటాడు. కొత్తది తెస్తే సీలింగ్‌లో ఉన్న రంధ్రానికి సైజు కలవదు. సైజు కలిస్తే వెలుతురు రంగు కలవదు. పదకొండు లైట్లు పచ్చగా, ఒక్కటి తెల్లగా వెలుగుతుంటే చూడబుద్ధి కాదు. చివరికి ఒక్క లైటు కోసం అన్నీ మార్చేవాళ్లు కొందరు, ఆ మూలను అట్లనే చీకటిగా వదిలేసేవాళ్లు కొందరు.

కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గరి దుకాణాలకు పోయినా, ఆదిలాబాద్ అంబేద్కర్ చౌక్ వైపు పోయినా ఈ బాధ కొత్తదేమీ కాదు. ఇళ్లు, దుకాణాలు, మసీదులు, ఫంక్షన్ హాళ్లు, చివరికి మున్సిపాలిటీ వీధి దీపాలు.. అన్నిచోట్లా ఎల్ఈడీలే. కరెంటు బిల్లు తగ్గింది, అది నిజం. కానీ పాత బుగ్గ పోతే బుగ్గ ఒక్కటే మార్చుకున్న జనం ఇప్పుడు లైటు మొత్తాన్నే ఎందుకు పడేస్తున్నారు? ఇది ఇట్లనే సాగుతుందా, లేక పాత హోల్డర్ లాంటి వెసులుబాటు మళ్లీ వస్తుందా?

పాత హోల్డర్ చేసిన మేలు

మన ఇళ్లలో గోడకు, సీలింగ్‌కు ఉండే మామూలు బల్బు హోల్డర్‌కు బీ22 అని పేరు. బల్బు అడుగున ఉండే ఇత్తడి లేదా అల్యూమినియం మూత 22 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. పక్కన రెండు చిన్న పిన్నులు. లోపలికి నొక్కి కొంచెం తిప్పితే పట్టుకుంటుంది. బ్రిటిష్ కాలం నుంచి మన దగ్గర ఇదే నడుస్తోంది. యూరప్ దేశాల్లో మర తిప్పి బిగించే ఈ27 ఎక్కువ. దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు. రెండూ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పుట్టినవే.

ఈ హోల్డర్ చూడ్డానికి చిన్న వస్తువు. కానీ కొనేవాడి చేతికి అది పెద్ద బలం ఇచ్చింది. ఏ కంపెనీ బల్బైనా అందులో కూర్చుంటుంది. ఒక కంపెనీ బల్బు తొందరగా పోతే రేపు ఇంకో కంపెనీది కొనొచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిన పని లేదు. స్టూల్ వేసుకుని ఎవరైనా మార్చుకుంటారు.

దీనికి చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. 1924లో ప్రపంచంలోని పెద్ద బల్బు కంపెనీలు జెనీవాలో ఫీబస్ అనే పేరుతో ఒక కూటమి కట్టాయి. బల్బు వెయ్యి గంటలకు మించి వెలగకుండా చూసుకోవాలని తమలో తాము ఒప్పందం చేసుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేదాకా ఆ కూటమి నడిచింది. అంత పెద్ద కంపెనీలు కలిసి బల్బు ఆయుష్షును తగ్గించగలిగాయి గానీ, కొనేవాడి ఇంట్లో ఉన్న హోల్డర్‌ను మాత్రం పనికిరాకుండా చేయలేదు. అందుకే బయటి కంపెనీ బల్బు వచ్చినప్పుడు అదే హోల్డర్‌లో అది కూడా వెలిగింది.

ట్యూబ్‌లైట్ ఇంకా మంచి ఉదాహరణ. పట్టీ, చోక్, స్టార్టర్, ట్యూబ్.. నాలుగూ వేరువేరు. స్టార్టర్ పోతే స్టార్టర్, చోక్ పోతే చోక్. పట్టీ మాత్రం ఇరవై ఏళ్లు గోడ మీదే ఉండేది. వీధుల్లో పసుపు వెలుతురు ఇచ్చిన సోడియం దీపాలకూ అంతే. దీపం, చోక్, ఇగ్నైటర్ వేరువేరుగా దొరికేవి. స్తంభం ఎక్కిన మనిషి ఏది పోయిందో చూసి దాన్నే మార్చి దిగేవాడు.

ఎల్ఈడీ వచ్చాక ఏం మారింది?

2015 జనవరి 5న కేంద్రం ఉజాలా పథకాన్ని మొదలుపెట్టింది. ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ కోట్ల సంఖ్యలో బల్బులను ఒకేసారి టెండర్ పెట్టి కొన్నది. 2014 ఫిబ్రవరిలో ఒక్కో బల్బుకు 310 రూపాయలు పెట్టిన సంస్థ 2016 నాటికి 38 రూపాయలకే కొనగలిగింది. దేశం మొత్తం మీద 36 కోట్లకు పైగా బల్బులు పంచారు.

ఈ పథకం అంత వేగంగా పోవడానికి ధర ఒక్కటే కారణం కాదు. ఇళ్లలో హోల్డర్ ముందే సిద్ధంగా ఉంది. కొత్త వైరింగ్ అక్కర్లేదు, కొత్త ఫిట్టింగ్ అక్కర్లేదు. పాత బుగ్గ తీసి ఎల్ఈడీ పెట్టడమే. 60 వాట్ల బుగ్గ రోజుకు 6 గంటలు వెలిగితే ఏడాదికి 131 యూనిట్లు. అదే 9 వాట్ల ఎల్ఈడీ అయితే 20 యూనిట్లు. ఒక్క బల్బు మీదే 111 యూనిట్ల ఆదా. అంటే ఎల్ఈడీ విజయంలో సగం వాటా వందేళ్ల నాటి ఆ పాత హోల్డర్‌దే.

తర్వాత రెండో దశ మొదలైంది. ఎల్ఈడీ చాలా చిన్న వస్తువు కాబట్టి దాన్ని బల్బు ఆకారంలో చేయాల్సిన పని లేదు. పలుచటి ప్యానెల్ చేయొచ్చు, పొడుగు పట్టీ చేయొచ్చు, సీలింగ్‌లో కనపడకుండా దాచొచ్చు. "25 వేల గంటలు వస్తుంది, ఇంక మార్చే పనేముంది, హోల్డర్ ఎందుకు?" అన్న ఆలోచనతో కంపెనీలు లైటును, ఫిట్టింగ్‌ను ఒకటిగా అతికించేశాయి. చూడ్డానికి అందంగా ఉంటుంది. తయారీ ఖర్చు తగ్గుతుంది. కానీ లోపల ఏ ఒక్కటి పోయినా మొత్తం చెత్తబుట్టకే.

25 వేల గంటల లెక్క

డబ్బా మీద రాసే 25 వేల గంటలు అబద్ధం కాదు, కానీ అది పూర్తి నిజమూ కాదు. రోజుకు 6 గంటల చొప్పున లెక్కేస్తే 25 వేల గంటలంటే పదకొండేళ్లు దాటాలి. మరి మూడేళ్లకే ఎందుకు పోతోంది?

సాధారణంగా ఆ గంటల లెక్క ఎల్ఈడీ చుక్కలకు సంబంధించినది. వాటి వెలుతురు మొదట్లో ఉన్నదానిలో 70 శాతానికి పడిపోవడానికి ఎంత కాలం పడుతుందో పరీక్షించి అంచనా వేస్తారు. కానీ లైటు అంటే చుక్కలు మాత్రమే కాదు. లోపల మూడు ముఖ్యమైన భాగాలు ఉంటాయి.

ఒకటి, చుక్కలు అతికించిన అల్యూమినియం ప్లేటు. రెండు, డ్రైవర్. ఇంట్లోకి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును చుక్కలకు సరిపోయే డీసీగా మార్చేది ఇదే. మూడు, వేడిని బయటికి పంపే లోహపు భాగం. దీన్నే హీట్ సింక్ అంటారు.

చాలాసార్లు ముందుగా పోయేది డ్రైవర్. అందులో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ అనే చిన్న డబ్బీ లాంటి పార్టు ఉంటుంది. దాని లోపలి ద్రవం వేడికి మెల్లగా ఎండిపోతుంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఇంజినీర్లు మోటుగా లెక్కేస్తారు. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటడం ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు కొత్త కాదు. రేకుల ఇంట్లోనో, గాలి ఆడని ఫాల్స్ సీలింగ్ పైనో ఉన్న డ్రైవర్ ఎంత వేడి భరించాలో ఆలోచించండి. దానికి తోడు కరెంటు పోయి వచ్చేటప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకడం, పిడుగులు పడటం, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ వైరు తెగి ఇంట్లోకి ఎక్కువ వోల్టేజీ రావడం.. ఇవన్నీ ముందుగా తగిలేది డ్రైవర్‌కే.

ఇంకో సమస్య కూడా ఉంది. చుక్కలను ఒకదాని వెనుక ఒకటి గొలుసులా కలుపుతారు. ఒక్క చుక్క మాడిపోతే ఆ గొలుసు మొత్తం ఆరిపోతుంది. ప్లేటు మీద నల్లటి మచ్చ ఉన్న చుక్కను చాలామంది చూసే ఉంటారు. మిగతావన్నీ బాగానే ఉన్నా లైటు చచ్చిపోయినట్టే లెక్క.

ఎక్కువ కాలం వచ్చే బల్బు చేయడం సాధ్యం కాదా అంటే, సాధ్యమే. 2016లో ఫిలిప్స్ కంపెనీ దుబాయ్ నగరపాలక సంస్థతో కలిసి 'దుబాయ్ ల్యాంప్' తెచ్చింది. అందులో 3 వాట్ల బల్బు 600 ల్యూమెన్ల వెలుతురు ఇస్తుంది. రహస్యం పెద్దదేం కాదు. ఎక్కువ చుక్కలు పెట్టి, ఒక్కోదానికి తక్కువ కరెంటు ఇవ్వడమే. వేడి తగ్గుతుంది, ఆయుష్షు పెరుగుతుంది. కాకపోతే చుక్కలు ఎక్కువ కాబట్టి ఖర్చూ ఎక్కువే. చౌక బల్బులో దీనికి తిరకాసుగా చేస్తారు. తక్కువ చుక్కలతో ఎక్కువ వెలుతురు పిండుతారు.

వీధి దీపాల సంగతి

ఇంట్లో ఒక లైటు పోతే కొన్ని వందల నష్టం. ఊరి మొత్తానికి అయితే లెక్క లక్షల్లోకి పోతుంది.

ఉజాలా మొదలైన రోజే వీధి దీపాల జాతీయ పథకం కూడా మొదలైంది. దాని కింద దేశవ్యాప్తంగా 1.3 కోట్ల వరకు ఎల్ఈడీ వీధి దీపాలు పెట్టారు. మున్సిపాలిటీ ముందుగా డబ్బు పెట్టక్కర్లేదు. ఈఈఎస్ఎల్ పెట్టుబడి పెట్టి, కరెంటు బిల్లులో మిగిలే డబ్బు నుంచి విడతలవారీగా తీసుకుంటుంది. సాధారణంగా ఏడేళ్ల పాటు నిర్వహణ జిమ్మేదారి కూడా దానిదే. ఈ పద్ధతి బాగానే ఉంది. అసలు ప్రశ్న ఏడేళ్ల తర్వాత వస్తుంది. అప్పటికి ఆ మోడల్ తయారీ ఆగిపోయి ఉంటే, విడి భాగాలు దొరకకపోతే, స్తంభం మీద ఉన్న దీపాన్ని ఏం చేయాలి?

పల్లెల్లో ఇంకో పాఠం ఉంది. చాలా గ్రామాల్లో ఒకప్పుడు వీధి దీపాలకు విడిగా తీగ ఉండేది కాదు. ఆన్, ఆఫ్ చేసే స్విచ్ లేక పగలు కూడా వెలుగుతూనే ఉండేవి. 2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమంలో మూడో తీగ లాగడం, వీధి దీపాలకు మీటర్లు, స్విచ్‌లు పెట్టడం కూడా పనుల్లో చేర్చారు. ఇది కరెంటు బిల్లు సమస్యే కాదు, దీపం ఆయుష్షు సమస్య కూడా. రోజుకు 12 గంటలు వెలిగే దీపానికి ఏడాదికి 4,380 గంటలు. 50 వేల గంటల దీపం అయితే పదకొండేళ్లకు పైగా రావాలి. రాత్రీ పగలూ వెలిగితే ఏడాదికి 8,760 గంటలు. అదే దీపం ఆరేళ్లు కూడా నిండకుండానే ముసలిదైపోతుంది. పైగా పగటి ఎండ వేడి అదనం. ఇంకా మూడో తీగ లేని వాడలు ఉంటే అక్కడ ఎంత మంచి దీపం పెట్టినా నష్టమే.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి అర్థం కావడానికి తీసుకున్న అంకెలే తప్ప ఏ ఊరి అసలు లెక్కా కాదు. ఒక మున్సిపాలిటీలో 10 వేల వీధి దీపాలు ఉన్నాయనుకుందాం. ఏడాదికి నూటికి 5 చొప్పున 500 దీపాలు పోతాయి. దీపం మొత్తం మార్చితే ఒక్కోదానికి 2,500 రూపాయలు అనుకుంటే 12.5 లక్షలు. లోపలి డ్రైవర్ ఒక్కటే 600 రూపాయలకు మార్చగలిగితే 3 లక్షలు. తేడా 9.5 లక్షలు. ప్రతి దీపానికీ డ్రైవరే పోదు కాబట్టి అసలు మిగులు కొంత తగ్గొచ్చు. అయినా టెండర్ కాగితంలో "డ్రైవర్ విడిగా మార్చే వీలు ఉండాలి" అన్న ఒక్క వాక్యం విలువ ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది.

పాత హోల్డరే ఎందుకు సరిపోదు?

అట్లయితే అన్ని లైట్లకూ బీ22 హోల్డరే పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. ఇంట్లో మామూలు వాడకానికి అది ఇప్పటికీ మంచిదే. కానీ దానికి ఒక పరిమితి ఉంది.

పాత బుగ్గ లోపలి తీగ ఎర్రగా కాలి వెలుగు ఇచ్చేది. దాని వేడి చాలావరకు వెలుతురుతో పాటే ముందువైపు గాల్లోకి పోయేది. హోల్డర్ పని కరెంటు ఇవ్వడం, బల్బును పట్టుకోవడం.. అంతే. ఎల్ఈడీ చుక్క వేడి అట్లా ముందుకు పోదు. వెనుక ఉన్న ప్లేటు గుండానే బయటికి పోవాలి. బీ22 బల్బులో ఆ వేడి పోయే దారిలోనే, సన్నటి మెడ భాగంలో డ్రైవర్‌ను కుక్కుతారు. అంటే వేడికి తట్టుకోలేని పార్టును తీసుకెళ్లి వేడి దగ్గరే కూర్చోబెట్టడం. మూసి ఉన్న గాజు డూమ్‌లో పెడితే ఇంకా తొందరగా పోవడానికి కారణం ఇదే.

కాబట్టి ఎల్ఈడీ కాలపు సాకెట్ మూడు పనులు చేయాలి. కరెంటు ఇవ్వాలి, గట్టిగా పట్టుకోవాలి, వేడిని లాగేయాలి. ఈ దిశలో 2010లో లైటింగ్ కంపెనీలు కొన్ని కలిసి 'జాగా' అనే కూటమి పెట్టుకున్నాయి. పేరు వినగానే మనకు స్థలం అనే మాట గుర్తొస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు గానీ పని మాత్రం అట్లాంటిదే. ఏ పార్టు ఏ సైజులో, ఏ జాగాలో ఉండాలో ఈ కూటమి కొలతలు రాస్తుంది. చుక్కల ప్లేటుకు స్క్రూ రంధ్రాలు ఎక్కడ ఉండాలి, వేడి తగిలే ఉపరితలం ఎంత ఉండాలి, వైరు ఎక్కడ కలవాలి అన్నది ముందే నిర్ణయిస్తే ఒక కంపెనీ ప్లేటు పోయినప్పుడు ఇంకో కంపెనీది అదే జాగాలో కూర్చుంటుంది.

వీధి దీపాలకు ఇంకో రకం సాకెట్ ముఖ్యం. దీపం నెత్తిమీద చిన్న గుండ్రటి టోపీ లాంటిది కొన్నిచోట్ల కనిపిస్తుంది. చీకటి పడగానే దీపం వెలిగించే సెన్సర్ అది. అమెరికా ప్రమాణం ప్రకారం చేసిన నీమా సాకెట్‌లో దాన్ని పెట్టి తిప్పితే బిగుసుకుంటుంది. ఇందులో 3, 5, 7 పిన్నుల రకాలు ఉన్నాయి. జాగా కూటమి చేసిన చిన్న సాకెట్‌లో 4 పిన్నులే ఉంటాయి, అది 24 వోల్టుల మీద పనిచేస్తుంది. లాభం ఏమిటంటే, ఇయ్యాల మామూలు సెన్సర్ పెట్టుకోవచ్చు. రేపు ఏ దీపం పోయిందో ఆఫీసుకు చెప్పే పరికరం వస్తే దీపం మార్చకుండా ఆ టోపీ ఒక్కటే మార్చొచ్చు. రాబోయే రోజుల్లో సాకెట్ అవసరం తగ్గదు, పెరుగుతుంది. ఎందుకంటే దీపం పదేళ్లు ఉంటుంది, లోపలి ఎలక్ట్రానిక్స్ మాత్రం మూడు నాలుగేళ్లకే పాతబడుతుంది.

మసీదు, ఫంక్షన్ హాలు: కమిటీలకు ఒక లెక్క

ఎక్కువ లైట్లు ఒకేచోట ఉండే మసీదులు, మదర్సాలు, ఫంక్షన్ హాళ్లు, కోచింగ్ సెంటర్లకు ఈ విషయం నేరుగా తగులుతుంది. చందాలతో నడిచే కమిటీలకు ప్రతి రూపాయి లెక్కే.

ఉదాహరణకు ఒక హాల్లో 40 ప్యానెల్ లైట్లు ఉన్నాయనుకుందాం. ఒక్కోటి 350 రూపాయలు. ఏడాదికి 8 పోతాయి. మొత్తం లైటు మార్చితే 2,800 రూపాయలు. డ్రైవర్ విడిగా ఉండే రకమైతే, డ్రైవర్ ధర 90 రూపాయలు అనుకుంటే, 720 రూపాయలు. ఐదేళ్లలో తేడా 10,400. ఇక ఆ మోడల్ దొరకక 40 లైట్లూ ఒకేసారి మార్చాల్సి వస్తే 14 వేలు, దానికి కూలీ అదనం. కొనేటప్పుడు లైటుకు 30, 40 రూపాయలు మిగిలిందని సంతోషపడితే తర్వాత చందా పుస్తకం మళ్లీ తీయాల్సి వస్తుంది.

డ్రైవర్ విడిగా కొనేటప్పుడు వాట్లు చూస్తే సరిపోదు. దాని మీద అవుట్‌పుట్ అని రాసి ఉన్న దగ్గర రెండు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 300 మిల్లీ ఆంపియర్లు, 24 నుంచి 42 వోల్టులు. కొత్త డ్రైవర్ మీద మిల్లీ ఆంపియర్లు అంతే ఉండాలి, వోల్టుల పరిధి కలవాలి. మిల్లీ ఆంపియర్లు ఎక్కువున్నది పెడితే వెలుతురు పెరిగిందని అనిపిస్తుంది గానీ చుక్కలు తొందరగా మాడిపోతాయి.

రిపేరు చేసేవాళ్లకు బతుకుదెరువు, కానీ జాగ్రత్త

పోయిన బల్బు తీసుకుని తక్కువ డబ్బుకే బాగు చేసి ఇచ్చేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. బల్బు మూత తీసి చుక్కల ప్లేటు మార్చుతారు. విడి ప్లేట్లు, మూతలు, డ్రైవర్లు కిలోల లెక్కన హోల్‌సేల్‌లో వస్తాయి. చదువు మధ్యలో ఆపేసిన యువకులకు, ఎలక్ట్రికల్ ఐటీఐ చేసినవాళ్లకు ఇది మంచి పని. విడదీసి మార్చగలిగే లైట్లు పెరిగితే ఈ పని కూడా పెరుగుతుంది. అతికించి మూసేసిన లైట్లు పెరిగితే వీళ్ల చేతిలో పని పోతుంది.

అయితే ఇంట్లో సొంతంగా చేసేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. చౌక బల్బుల్లో డ్రైవర్, చుక్కలు ఒకే ప్లేటు మీద ఉంటాయి. అందులో 230 వోల్టుల కరెంటుకూ చుక్కలకూ మధ్య అడ్డు ఉండదు. పైమూత తీసి వెలిగించి వేలితో తాకితే నేరుగా షాక్ కొడుతుంది. మాడిన చుక్కను తీసేసి ఆ రెండు కొసలను కలిపేయడం కూడా చాలామంది చేస్తారు. బల్బు వెలుగుతుంది గానీ చాలా రకాల్లో మిగతా చుక్కల మీద భారం పెరిగి కొన్నాళ్లకే మళ్లీ పోతుంది.

పాత ట్యూబ్‌లైట్ పట్టీలో ఎల్ఈడీ ట్యూబ్ పెట్టేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. కొన్ని ఎల్ఈడీ ట్యూబులకు ఒకే కొస నుంచి కరెంటు ఇవ్వాలి, కొన్నింటికి రెండు కొసల నుంచి. పాత చోక్, స్టార్టర్ తీయకుండా తప్పు రకం పెడితే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. సాకెట్ ఒకటే అయినా లోపలి వైరింగ్ ఒకటి కాకపోవడం వల్ల వచ్చిన తంటా ఇది. ట్యూబుతో వచ్చే కాగితం మీద వైరింగ్ బొమ్మ ఉంటుంది. అది చూడకుండా బిగించొద్దు.

చట్టం ఎక్కడి దాకా వచ్చింది?

యూరోపియన్ యూనియన్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి ఒక నియమం అమల్లో ఉంది. లైటు ఫిట్టింగ్‌లో ఉన్న ఎల్ఈడీని, డ్రైవర్‌ను మామూలుగా దొరికే పనిముట్లతో, ఫిట్టింగ్ పాడుకాకుండా తీసి మార్చే వీలు ఉండాలి. అట్లా చేయలేకపోతే ఎందుకు చేయలేదో తయారీదారు సాంకేతిక కారణం రాసి చూపాలి.

మన దేశంలో భద్రత, నాణ్యత మీద నియమాలు ఉన్నాయి. హోల్డర్‌లో పెట్టే ఎల్ఈడీ బల్బులకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. డబ్బా మీద ఐఎస్ 16102 అనే ప్రమాణం, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. 2018 నుంచి బల్బులకు స్టార్ లేబుల్ కూడా తప్పనిసరి చేశారు. ఈ-వ్యర్థాల కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాయి. లైటింగ్ వస్తువులను కూడా అందులో చేర్చి, పాత సరుకును రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుల మీద పెట్టారు.

వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో 'రిపేరు హక్కు' మీద కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ తెచ్చింది. మొదట దృష్టి పెట్టినవి వ్యవసాయ పనిముట్లు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు. స్టార్ లేబుల్ కరెంటు ఎంత ఆదా అవుతుందో చెబుతుంది గానీ, లోపలి డ్రైవర్ మార్చొచ్చా లేదా అన్నది చెప్పదు. కొనేవాడికి ఆ సమాచారం కూడా డబ్బా మీదే కనిపించాలి. అది వచ్చేదాకా అడిగి తెలుసుకోవడమే దారి.

కొనే ముందు ఏం అడగాలి?

దుకాణంలో "ఎన్ని వాట్లు, ఎంత రేటు" అనే రెండు ప్రశ్నలతో ఆగకుండా ఇంకొన్ని అడిగితే చాలావరకు నష్టం తప్పుతుంది.

ఒకటి, డ్రైవర్ విడిగా ఉందా, లోపలే ఉందా? వైరుతో బయట వేలాడే డ్రైవర్ ఉన్న ప్యానెల్ అయితే రేపు అది ఒక్కటే మార్చొచ్చు.

రెండు, ఆ డ్రైవర్ ఇదే దుకాణంలో విడిగా దొరుకుతుందా? ఎంత?

మూడు, సీలింగ్ రంధ్రం సైజు ఎంత? ఎక్కువ కంపెనీలు చేసే సైజే తీసుకోవాలి. చూడ్డానికి కొత్తగా ఉందని వింత ఆకారం తీసుకుంటే తర్వాత జోడీ దొరకదు.

నాలుగు, వెలుతురు రంగు అంకె ఎంత? 3000, 4000, 6500 కెల్విన్లు అని ఉంటుంది. ఆ అంకె, మోడల్ నంబరు రాసి ఉన్న డబ్బా మూతను రశీదుతో పాటు దాచిపెట్టాలి. రశీదు లేకుండా గ్యారంటీ అడగడం కష్టం.

ఐదు, ఎక్కువ లైట్లు తీసుకునేవాళ్లు అదే రకం రెండు మూడు అదనంగా కొని పక్కన పెట్టుకోవాలి.

వంటగది, బాత్రూం, వరండా లాంటి చోట్ల ఇప్పటికీ మామూలు బీ22 హోల్డర్, దానికి బీఐఎస్ నంబరు ఉన్న బల్బు పెట్టుకోవడం తెలివైన పని. కొత్త ఇల్లు కట్టేవాళ్లు గదికి ఒక్క పాయింట్‌కైనా పాత హోల్డర్ ఉంచుకుంటే, సీలింగ్ లైటు పోయిన రోజు చీకట్లో కూర్చోవాల్సిన పని ఉండదు.

ఇక వీధి దీపాల విషయంలో అడగాల్సింది వార్డు కౌన్సిలర్‌ను, సర్పంచ్‌ను, మున్సిపల్ ఇంజినీర్‌ను. కొత్త టెండర్‌లో డ్రైవర్, చుక్కల ప్లేటు, పిడుగు నుంచి కాపాడే పరికరం విడివిడిగా మార్చే వీలు రాశారా? సెన్సర్ సాకెట్ ఉందా? గ్యారంటీ అయిపోయాక విడి భాగాలు ఎన్నేళ్లు ఇస్తారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద ఉంటే, ఏడేళ్ల తర్వాత స్తంభం మీద ఆరిపోయిన దీపాన్ని మళ్లీ వెలిగించడానికి ఒక చిన్న పార్టు, ఒక మనిషి చాలు. లేకపోతే మళ్లీ కొత్త దీపాలు, మళ్లీ కొత్త బిల్లు. ఆ బిల్లు కట్టేది చివరికి ఇంటి పన్ను కట్టే జనమే.